ఎడమ ముందు చక్రం

రేపు పెత్రమావాస్య. వాకిట్లో అమ్మ, వదిన కలిసి ఎంగిలిపూల బతుకమ్మ కోసం తంగేడు, గునుగు ఏరి పెడుతుండగా, నేను పొద్దున ఏడు గంటల నుంచి చీకటి పడేదాకా కొట్టంలో పాత ఏటీవీ (బురదలోనూ పోయే నాలుగు చక్రాల బండి) ఎడమ ముందు చక్రం దగ్గరే కూర్చున్నాను.

నర్సంపేట దాటి పాకాల వైపున్న మా మిరపతోటకు వానలు పడ్డాక బైకు పోలేదు; నల్లరేగడిలో కూరుకుపోతుంది. మందు డ్రమ్మునైనా, ఎరువు బస్తానైనా గట్టుదాకా చేర్చేది ఈ బండే. బ్యాటరీ పోయి వేసవి నుంచి కదలకుండా నిలిచిపోయిన దానికి మొన్న కొత్త బ్యాటరీ వేసి నడిపితే, ఊరు దాటకముందే ఇంజన్ మూలగడం మొదలుపెట్టింది, మాడు వాసన వచ్చింది, చక్రం రిమ్ము ముట్టుకోలేనంతగా కాలిపోయింది.

బ్రేకు పిస్టన్ పట్టేసి ఉంటుందని, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే వదులుతుందని తమ్ముడన్నాడు. నాకూ అదే తోచింది. పక్క వాడలో ఉండే మెకానిక్ కాక మాత్రం వచ్చి చూసి, "ముందుగాల నిపుల్ ఇప్పు బిడ్డా. చక్రం వదిలితే తప్పు పైన ఉన్నట్టు, వదలకుంటే క్యాలిపర్ల ఉన్నట్టు" అని చెప్పి పోయాడు. క్యాలిపర్ అంటే చక్రం దగ్గర ప్యాడ్లతో డిస్కును పట్టే భాగం, నిపుల్ అంటే దాని మీద బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే చిన్న మర. ఆలోచిస్తే ఎంత సూటి పరీక్ష అది! లివర్ దగ్గర ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ వెనక్కి వెళ్ళే సన్నని రంధ్రం మూసుకుపోయినా, గొట్టం లోపలి పొర ఉబ్బి దారి మూసినా, ఒత్తిడి కిందనే చిక్కుకుని బ్రేకును పట్టి ఉంచుతుంది; నిపుల్ విప్పగానే ఆ ఒత్తిడి పోయి చక్రం తిరగాలి. అయితే ఆ నిపుల్ తుప్పుతో బిగుసుకుపోయింది. మామూలు పానాతో తిప్పితే అంచులు అరిగిపోతాయని, తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టి, చుట్టూ మెల్లగా తట్టి, ఆరు పలకల బాక్స్ పానాతో అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తే రెండు గంటల తర్వాత వదిలింది. ముదురు గోధుమరంగు ఆయిల్ కారింది గాని, చక్రం తిరగలేదు.

క్యాలిపర్ విప్పి, బరువు గొట్టం మీద పడకుండా తీగతో వేలాడదీశాను. ప్యాడ్లు చూడగానే విషయం అర్థమైంది: లోపలిది రేకుదాకా అరిగిపోయింది, బయటిది దాదాపు కొత్తదానిలాగే ఉంది. ఇందులో పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను నొక్కినప్పుడు క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాగుకొస్తుంది. పిన్నులు పట్టేస్తే ఆ జరగడం ఆగి, లోపలి ప్యాడే ఎప్పుడూ డిస్కుకు రాసుకుంటుంది. ఒక పిన్ను చేతితోనే వచ్చింది. రెండోది ఎండిన గ్రీజులో, తుప్పులో కూరుకుపోయింది. దాని రబ్బరు తొడుగు ఉబ్బి చినిగి, లోపలికి బురద చేరింది. మూడేళ్ళ కింద ఆ పిన్నులకు చక్రాల గ్రీజు పూసింది నేనే. ఆ గ్రీజు రబ్బరుకు పడదని, సిలికాన్ గ్రీజు లాంటిది వాడాలని అప్పుడు తెలుసుకోకపోవడం నా తప్పు, ఆ బండి మీద బాపు రోజూ తోటకు పోయేవాడని తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

పిస్టన్‌ను గాలి కొట్టి తీస్తే ఎగిరొచ్చి వేళ్ళు నలుగుతాయి. అందుకే ఎదురుగా చెక్కముక్క పెట్టి, నిపుల్ బిగించి, బ్రేకు లివరే నొక్కుతూ బయటికి తెచ్చాను. సీలు రాసుకునే భాగంలో గుంటలు పడలేదు. అంచున తుప్పు మాత్రమే ఉంది. లివర్ వదిలినప్పుడు పిస్టన్‌ను వెనక్కి లాగేది స్ప్రింగు కాదు, వంగి మళ్ళీ సర్దుకునే ఆ సీలే. కాబట్టి అది కూర్చునే గాడిని వెదురుపుల్లతో ఓపికగా గీకాను. తమ్ముడు కడగడానికి పెట్రోలు తెచ్చాడు. అది రబ్బరును ఉబ్బిస్తుందని ఆపి, బ్రేక్ ఆయిల్‌తోనే కడిగించాను.

పాత సీలు పట్టుకుని వరంగల్ వెళ్ళిన తమ్ముడు రెండు మూడు దుకాణాలు తిరిగి సీళ్ళు, తొడుగులు, రెండు వైపులకూ ప్యాడ్లు, సిలికాన్ గ్రీజు, మూత తీయని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చేసరికి నాలుగు దాటింది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగుతుంది. రెండేళ్ళకోసారి మార్చవలసినదాన్ని మేము బండి కొన్నప్పటి నుంచి ముట్టనే లేదు.

వాడు లివర్ నొక్కి పట్టడం, నేను నిపుల్ వదిలి మూయడం, ఆ తర్వాతే వాడు లివర్ వదలడం: బుడగలు ఆగేదాకా ఇరవైసార్లకు పైగానే చేశాం. చివరికి జాకీ మీద చక్రాన్ని చేతితో తిప్పితే రెండు చుట్లు తిరిగి తనంతట తాను ఆగింది.

కుడి వైపు పిన్నులకూ అప్పుడు ఆ చక్రాల గ్రీజే పూశాను. అది సరిచేయకుండా బండిని తోటకు పంపను. రేపు అమావాస్య కాబట్టి బాపు పానా ముట్టనివ్వడు. ఎల్లుండి పొద్దున్నే కుడి చక్రం విప్పాలి.