చిక్కిపోలేదు, గట్టిపడ్డాను

"ఏమైందక్కా, గింత చిక్కిపోయినవ్, పానం మంచిగుంట లేదా?" అని ఈ మధ్య కనిపించిన ప్రతి ఒక్కరూ అడుగుతున్నారు. వాళ్ల మీద కోపమేం లేదు. మన దగ్గర అరవై దాటిన ఆడమనిషి సన్నబడిందంటే లోపల ఏదో పెద్ద రోగం తగులుకుందనే అనుకుంటారు. కానీ నేను రోగిష్టిగా ఉన్నది లావుగా ఉన్న రోజుల్లో. ఇప్పుడు పది కిలోల బియ్యం సంచి నేల మీది నుంచి ఎత్తి గట్టు మీద పెడుతున్నాను. రెండేళ్ల కింద నేల మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యిస్తే తప్ప లేవలేకపోయేదాన్ని.

మాది హన్మకొండ. నాకు 63 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా టైలరింగ్ చేశాను, అంటే పొద్దంతా మిషన్ ముందు కూర్చునే పని. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలకు చేరింది. షుగర్ ఎప్పటి నుంచో ఉంది, మూడు నెలల సగటు షుగర్ టెస్టు (హెచ్‌బీఏ1సీ)లో 8.9 వచ్చింది. రెండు మోకాళ్లలో గుజ్జు అరిగింది, ఎడమది మూడో గ్రేడు, అంటే బాగానే అరిగింది. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగేదాన్ని. ఆపరేషన్ ఇప్పుడే తొందరేం లేదు, ముందు బరువు తగ్గి తొడ కండ పెంచుకుని చూద్దాం అన్నాడు డాక్టరు. మోకాళ్లు అరిగిన మనిషి నడుస్తుంటే ఒంట్లో తగ్గే ప్రతి కిలోకు అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఆ లెక్క నా మనసులో బాగా నాటుకుంది.

ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు, అందరికీ చెప్పాలనిపించేది అదే. తిండి తగ్గించి, కదలకుండా బరువు తగ్గితే పోయేది కొవ్వు ఒక్కటే కాదు, తగ్గిన బరువులో పావు వంతు దాకా కండ కూడా పోవచ్చు. వయసు వల్ల కండ ఎలాగూ కరుగుతూనే ఉంటుంది, అరవై దాటాక ఇంకా వేగంగా. దానికి తోడు మనమే పస్తులుండి కరిగించుకుంటే బరువు మిషన్ మీద అంకె బాగుంటుంది కానీ మనిషి బాత్రూంలో జారి పడుతుంది, తుంటి విరుగుతుంది. పైగా మనం తిన్న అన్నంలోని షుగర్ ఎక్కువ భాగం వెళ్లేది కండల్లోకే కాబట్టి, షుగర్ ఉన్నవాళ్లకు కండ తగ్గడం రెండు రకాలుగా నష్టం. అందుకే నాకు రాసిచ్చిన చీటీలో గోళీలతో పాటు ఫిజియోథెరపీ కూడా ఉంది.

ఆ ఫిజియోథెరపీ అమ్మాయి మొదటి రోజు నన్ను నడిపించలేదు, బరువులు ఎత్తించలేదు. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, తువ్వాలు గట్టిగా చుట్టి మోకాలి కింద పెట్టి, "అమ్మా, ఈ చుట్టను మోకాలితో కిందికి నొక్కండి, పది లెక్కపెట్టే దాకా వదలొద్దు" అంది. ఇంతేనా అనుకున్నాను. అయిదు లెక్కపెట్టే లోపే తొడ మీది కండ గజగజ వణికింది. ఎడమ కాలైతే నొక్కుతున్నానని నేను అనుకుంటున్నానే గానీ తువ్వాలు అసలు అణగనే లేదు. ఆ అమ్మాయి నా చెయ్యి తీసి తొడ మీద పెట్టించింది, కుడి పక్క కండ బిగుసుకోవడం తెలుస్తోంది, ఎడమ పక్క మెత్తగా ఉంది. అన్నేళ్లుగా నొప్పికి భయపడి ఆ కాలిని వాడకపోతే అక్కడి బలం అలా జారిపోయిందని అప్పుడు నా చేతికే తెలిసింది.

కొన్ని వారాలకు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం వచ్చింది. మొదట కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు చేసింది, తర్వాత ఒకటి తీసేసింది, తర్వాత రెండోదీ తీసేసింది. గోడకు అర చేతులు ఆనించి తోయడం, వంటగట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం, ఒంటి కాలి మీద నిలబడడం, రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం, ఇవన్నీ ఇంట్లోనే. రోజు విడిచి రోజు చేయాలి, తేలికైపోయిందనిపిస్తే బరువు పెంచాలి, లేకపోతే కండకు పనుండదు. ఈ వయసులో కండ పెరుగుతుందా బిడ్డా అని అడిగితే ఒక సంగతి చెప్పింది. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తిస్తే వాళ్ల కాళ్ల బలం రెండింతలు దాటిందట. ఆ వయసు వాళ్లకే సాధ్యమైంది, నాకెందుకు కాదు అని గట్టిగా అనుకున్నాను.

తిండి గురించి. మా ఇంట్లో అన్నం కుప్పగా పెట్టుకుని అందులో చారెడు పప్పు, కాస్త కూర వేసుకునే అలవాటు. ఇప్పుడు దాన్ని తిరగేశాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో కూడా ఉంది, అన్నం, రొట్టెల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతం మించకూడదని, కూరగాయలు, పండ్లు పళ్లెంలో సగం ఉండాలని. నాకు డాక్టరు చెప్పిన లెక్క రోజుకు కిలో ఒంటి బరువుకు ఒక గ్రాము ప్రోటీన్. గుడ్డులో ఆరు గ్రాములు, కప్పు పప్పులో ఏడు దాకా, వంద గ్రాముల చికెన్‌లో ఇరవైకి పైన, ఇలా కూడుకుంటూ పోవాలి. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ఒక చిన్న కప్పు అన్నంతో గట్టి పప్పు, పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలో ఉలవ గుగ్గిళ్లో, రాత్రికి ఒక జొన్న రొట్టె, కూర. మా అల్లుడు ప్రేమగా ప్రోటీన్ పౌడర్ డబ్బా తెచ్చాడు. ఆ సంస్థ వాళ్లు అలాంటివి వద్దన్నారని చెప్పి తిరిగి పంపించాను.

షుగర్ గోళీలు వేసుకునే వాళ్లు ఇది మాత్రం తప్పకుండా చదవాలి. బరువు తగ్గుతున్నా గోళీ డోసు పాతదే ఉంటే కొన్ని రకాల గోళీలతో షుగర్ మరీ పడిపోవచ్చు. నేను గ్లిమెపిరైడ్ వేసుకునేదాన్ని. ఒకరోజు పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే ఒళ్లంతా చెమట పట్టి, చేతులు వణికి, కళ్ల ముందు మసక కమ్మింది. ఇంటికొచ్చి చూస్తే 62. డెబ్బై లోపు ఉంటే ప్రమాదమే. మా ఆయన మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూశాడు, అప్పుడు లెవెల్‌కు వచ్చింది. అదే రోజు డాక్టర్‌కు చెబితే ఆ గోళీ సగానికి తగ్గించాడు, తర్వాత పూర్తిగా ఆపేశాడు. అప్పటి నుంచి నడకకు వెళ్లినప్పుడు కొంగుకు చాక్లెట్లు ముడేసుకుంటాను.

మధ్యలో చాలా రోజులు బరువు 74 దగ్గరే ఆగిపోయింది. మా అమ్మాయి కూడా ఫోన్లో నిరుత్సాహపడింది. నా చేతిలో టేపు ఉంది కదా, ఇన్నేళ్లు ఊరందరి కొలతలు తీసిన టేపు. బొడ్డు దగ్గర కొలిస్తే బరువు కదలని ఆ రోజుల్లోనే రెండంగుళాలు తగ్గింది. నా జాకెట్లకు పక్క కుట్లు లోపలికి వేసుకోవాల్సి వచ్చింది, భుజం కింద చేతుల దగ్గర మాత్రం వదులు కాలేదు. కొవ్వు పోతూ కండ వస్తుంటే కాటా ఆ తేడా చూపించదు. మన దేశం ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు, నాది ఇంకా 89 ఉంది, కానీ 105 నుంచి దిగింది.

ఇప్పుడు బరువు 69. మూడు నెలల షుగర్ 6.8. పోయిన సద్దుల బతుకమ్మ రోజు పద్మాక్షి గుట్ట దగ్గర అందరితో కలిసి వంగి చప్పట్లు కొడుతూ ఆడాను, అంతకు ముందు కొన్నేళ్లు పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్న మనిషిని. మధ్యలో అలసి నేల మీద కూర్చున్నాను, పాట మారగానే మోకాలి మీద చెయ్యి ఆనించి ఎవరి సాయం లేకుండా లేచి మళ్లీ వరసలో కలిశాను. మా వదిన నన్నే చూస్తూ ఏడ్చేసింది, నాకూ ఏడుపు ఆగలేదు.

ఎడమ మోకాలు పూర్తిగా బాగుపడిందని చెప్పను, చలికాలం పొద్దున పట్టేస్తుంది, అరిగిన గుజ్జు తిరిగి రాదు. మెట్లు దిగడమే ఇంకా కష్టం. దానికోసం ఈ నెల నుంచి గుమ్మం దగ్గరున్న పొట్టి మెట్టు మీద నిలబడి కుడి కాలు మెల్లగా కిందికి దించి, నేలకు తాకించి మళ్లీ పైకి తీసుకోవడం మొదలుపెట్టాం, భారమంతా ఎడమ కాలి మీదే పడేలా. కిడ్నీ జబ్బున్నవాళ్లు ప్రోటీన్ పెంచే ముందు, గుండెకు స్టెంట్ వేసినవాళ్లు బరువులు ఎత్తే ముందు వాళ్ల డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. మిగతా ఎవరికైనా ఆ తువ్వాలు నొక్కడం గురించి అనుమానాలుంటే అడగండి, తెలిసినంత చెబుతాను.