నైటవుట్ బస్సు, సూర్యాపేట మాట, ఒప్పంద కాగితం

ఘోస్ట్ రైటింగ్, అంటే వేరేవాళ్ల పేరు మీద పుస్తకాలు రాసే పని, చేస్తానని చెబితే చాలు, "మీరు రాసిన పుస్తకం ఒకటివ్వండి, చదువుతాం" అంటారు. అల్మరాలో ఉన్నాయి. ఒక్కటీ ఇవ్వకూడదు. సబ్‌ఎడిటర్‌గా ఉన్నప్పుడు నా పేరుతో వచ్చిన ఆదివారం వ్యాసాలు పీడీఎఫ్ చేసి పెట్టుకున్నాను. అడిగినవాళ్లకు అవే పంపుతాను.

నాకు వచ్చే పనిలో ఎక్కువ భాగం రిటైరైనవాళ్ల ఆత్మకథలే. షష్టిపూర్తికో, డెబ్బయ్యో పుట్టినరోజుకో పిల్లలు వేయిస్తారు. డెమీ సైజు, 500 కాపీలు, చుట్టాలకు పంచడానికి. సినిమావాళ్లకు రాయొచ్చు కదా అంటారు. కృష్ణానగర్‌లో కొన్నాళ్లు తిరిగాను. "డబ్బులు రిలీజయ్యాక చూద్దాం" అన్న మాట వినబడితే ఇప్పుడు టీ కూడా తాగకుండా లేచి వచ్చేస్తాను.

ఈమధ్య చేసినవాటిలో నాకు నచ్చింది సూర్యాపేట వైపు ఆర్టీసీలో కండక్టరుగా చేరి, కంట్రోలరుగా దిగిపోయిన ఒకాయనది. మొదట్లో ఆయన చెప్పిందంతా సన్మాన పత్రంలా ఉండేది: క్రమశిక్షణ, అంకితభావం, పై అధికారుల ఆశీస్సులు. ఇలాంటప్పుడు నేను వస్తువుల గురించి అడుగుతాను. చేతిలో ఏముండేది సార్? అప్పటికి టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు లేవు. టికెట్ల ట్రే, పంచింగ్ కొట్టే కటకట, స్టేజీల వారీగా టికెట్ల లెక్క రాసే ఎస్సార్ కాగితం. "స్టేజి రాకముందే ఎస్సార్ మూసెయ్యాలమ్మా. చెకింగోళ్లు ఎక్కంగనే ముందుగాల అదే సూస్తరు" అన్నాడు. అక్కణ్ణుంచి నైటవుట్ డ్యూటీలు మొదలయ్యాయి. ఆఖరి బస్సు ఊళ్లోనే ఆగి, డ్రైవరూ కండక్టరూ బస్సులోనే పడుకుని, పొద్దున్నే అదే బస్సు తీసుకుని తిరిగొచ్చేవారట. రాత్రి సర్పంచి ఇంటి నుంచి అన్నం వచ్చేదని చెబుతున్నాడు. వంటింట్లోంచి వాళ్లావిడ గొంతు: "సర్పంచి గాదు. గుడికాడి ముసలామె పంపేది. ఆమె గిన్నె మనింట్లనే ఉండె చాన్నాళ్లు."

"అవ్, ఆమెనే" అన్నాడాయన, కాసేపాగి.

మర్నాటి నుంచి ఆంటీకి కూడా కుర్చీ వేయించాను. రికార్డు చేసే ఫోను ఆవిడ వైపే ఎక్కువ జరిపి పెట్టేదాన్ని.

అసలు పేచీ మొదటి రాతప్రతి ఇచ్చాక వచ్చింది. ఆయన మాటను ఉన్నదున్నట్టు పెట్టాను. చదివి కళ్లజోడు తీశాడు. "నేను గిట్లనే మాట్లాడుత గని, పుస్తకంల గిట్లుంటే నవ్వరా?" పాఠ్యపుస్తకంలో చదివిందే రాత అనుకునే తరం, ఆయన్ని ఏమనగలం? చివరికి కథనం మామూలు వాడుక భాషలోకి మార్చాను, సంభాషణలన్నీ ఆయన మాటలోనే ఉంచాను. నైటవుట్ అధ్యాయంలో సంభాషణలే సగం. అది కావాలనే చేశాను, ఆయన గమనించలేదు.

ఒప్పందం దగ్గర నేను గట్టిదాన్ని. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, నేను ఆయన దగ్గర ఉద్యోగిని కాను కాబట్టి రాతకు మొదటి హక్కుదారును నేనే. ఆ హక్కు ఆయనకు బదిలీ చేస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాలి. కాలపరిమితి రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే చెల్లుతుంది. ఇది చెబితే వాళ్లబ్బాయి కంగారుపడి "ఐదేళ్ల తర్వాత మీరొచ్చి మా నాన్న పుస్తకం మీదంటారా?" అన్నాడు. అనను బాబూ, అందుకే పూర్తి కాలానికీ రాసిస్తున్నాను. ప్రూఫుల డబ్బు మాత్రం వేరు. నేను యూనికోడ్‌లో కొడతాను, డీటీపీ వాళ్లకు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లు కావాలి. మార్చేసరికి ఒత్తులు చెల్లాచెదురు. మళ్లీ మొదటి పేజీ నుంచి చూడాల్సిందే.

అంతా అయ్యాక ఆ అబ్బాయే ఫోన్ చేశాడు, ఎస్సార్ మూయనందుకు నాన్నకు చార్జిషీటు వచ్చిన అధ్యాయం తీసేయమని. నాకు తెలిసి పుస్తకంలో అదే బాగుంది. పెద్దాయన్ని అడిగితే "ఉండనీ. పడ్డోన్ని నేను గదా" అన్నాడు. ఉంచాను. అప్పట్నుంచి నా ఒప్పందంలో ఒక వాక్యం పెరిగింది: మార్పులు కథ చెప్పినవాళ్లే చెప్పాలి, అవి కూడా రాసి సంతకం పెట్టి ఇవ్వాలి.