డ్రిల్ సార్ పెట్టిన పోటీ

పదో తరగతి పరీక్షలైపోయి, రిజల్ట్స్ ఇంకా రాని ఏప్రిల్ అది, 1996. ఎవరింటికి వెళ్లినా ఎంపీసీయా, బైపీసీయా అనే గోలే. ఆ టెన్షన్ చూసి జాలిపడ్డారో ఏమో, డ్రిల్ సార్ మా బ్యాచ్‌ని హుస్సేన్‌సాగర్‌లో బోటింగ్‌కి తీసుకెళ్తానన్నారు. తోడుగా సోషల్ టీచర్. అక్కడా లైన్లో నిలబెట్టి ఈల వేస్తారనే అనుకున్నాం.

సికింద్రాబాద్‌లో డబుల్ డెక్కర్ ఎక్కాం. పైన ముందు సీట్ల కోసం జరిగిన కొట్లాట రాస్తే ఇప్పటి ఇద్దరు డాక్టర్లు, ఒక బ్యాంకు మేనేజరు నామీద అలుగుతారు. వదిలేస్తున్నాను.

లుంబినీ పార్కు తెరిచి అప్పటికి రెండేళ్లు. దొరికిన కాస్త నీడలోనే పులిహోర తిని, కబుర్లు చెప్పుకుంటూ పడుకున్నాం. ఎండ తగ్గాక లాంచీ ఎక్కాం. సార్ వెనక బెంచీ మీద చెప్పులు విప్పి, కాళ్లు చాపి, "సప్పుడు చేయకుండా కూసోండ్రి, జర గాలి పీల్చుండ్రి" అని కళ్లు మూసుకున్నారు. ఆయన్ని అలా చూడటం మాకు అదే మొదలు. నాలాల మురుగు కలిసే ఆ నీళ్ల మీద ఎండాకాలం గాలి పీల్చడం కూడా ఒక రకం డ్రిల్లే అనుకోండి!

ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువని టీచర్ చెబుతుంటే, పరీక్షలైపోయాయి కదా టీచర్ అని మూలిగాం. బుద్ధుడి దగ్గర దిగాక మాత్రం ఎవరూ మూలగలేదు. రాయగిరి రాతిలో చెక్కిన 58 అడుగుల విగ్రహం. 1990 మార్చిలో బార్జి మీద తెస్తుండగా ఒరిగి నీళ్లలో పడిపోయినప్పుడు మేం నాలుగో తరగతి. పెద్దవాళ్లు పేపర్ చదివి గుసగుసలాడుకోవడం గుర్తుంది. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. ఆయన పాదాల దగ్గర నిలబడి తల ఎత్తి చూస్తుంటే మెడ నొప్పి పుట్టింది. "ఆ రోజు మనుషులు కూడా పోయారమ్మా" అన్నారు టీచర్. ఆ మాట పేపర్లో మాకెవరూ చదివి వినిపించలేదు.

తిరుగు ప్రయాణంలో సార్ లేచి కూర్చున్నారు. ట్యాంక్‌బండ్ మీది విగ్రహాలన్నీ రోడ్డు వైపు చూస్తుంటాయి కదా, మనకు కనిపించేది వీపులే. "ఎవరో చెప్పుండ్రి, గెలిచినోనికి మిర్చి బజ్జీ" అన్నారు. నన్నయ, తిక్కన, ఎర్రనలను ముందు నుంచే పేరు చదవకుండా పోల్చుకోలేం, ఇక వెనక నుంచి ఏం చెబుతాం! ఒకడు కనిపించిన ప్రతి వీపునూ వేమన అన్నాడు. ఎప్పుడో ఒకప్పుడు తగలకపోతుందా అని వాడి లెక్క. మరొకడు త్యాగయ్యను పట్టేశాడు. ఒడ్డెక్కాక రోడ్డు మీద నడుస్తూ పేర్లు చదివి సార్ మార్కులు వేశారు.

ఇప్పుడు అదే లాంచీలో వెళ్తే ఒడ్డున 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, కొత్త సచివాలయం కనిపిస్తాయి. మా పిల్లలు ఫొటోలు తీసుకుంటారు, వీపుల పోటీ అంటే నవ్వుతారు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం అది ముగియలేదు. వేమన గాడు తనకూ ఒక బజ్జీ బాకీ ఉందంటాడు, త్యాగయ్య గాడు ఒప్పుకోడు. ఈసారి మీట్‌కి సార్ వస్తున్నారట. ఆయన ముందే తేల్చుకోండిరా.