పదిహేనేళ్ల కంప్యూటర్‌లో ఏడు కలశాలు

మా అక్క కూతురి ఓణీల వేడుక నెల్లూరులో. అచ్చు వేయించిన కార్డుతో పాటు వాట్సాప్‌లో పంపడానికి కదిలే పత్రిక కూడా కావాలంది అక్క. "నువ్వే చేసిపెట్టు తమ్ముడూ. బయట చేయిస్తే ఏ ఇంటికైనా అవే పూలు, అదే పాట" అంది. మేనకోడలు ఇంకో మెట్టు పైకెక్కింది: "మామయ్యా, నా పేరు వెనకాల రంగనాయకస్వామి గుడి గాలిగోపురం గుండ్రంగా తిరగాలి." సరేనన్నాను. ఫోను పెట్టేశాక గానీ కావలిలో నా బల్ల మీదున్నది 2010లో కొన్న కంప్యూటర్ అని గుర్తుకు రాలేదు.

కోర్ 2 డ్యుయో ఈ7500 ప్రాసెసర్, జీ41 బోర్డు, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు చేసుకోవడానికి ఇన్నేళ్లూ అది చాలింది. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది కాబట్టి దానికి నెట్ కలపడం ఎప్పుడో మానేశాను. గోపురం తిప్పాలంటే మాత్రం త్రీడీ కావాలి, అంటే బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రామ్. అది ఉచితమే. దాన్ని మోసే యంత్రం ఉచితం కాదు.

ముందు పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ పెట్టాను. తర్వాత ర్యామ్. నెల్లూరులో ఒక దుకాణంలో డీడీఆర్3 4 జీబీ ముక్కలు రెండు కొనుక్కొచ్చి బిగిస్తే కంప్యూటర్ కూతలు పెట్టింది తప్ప తెర వెలగలేదు. బోర్డు చచ్చిందనే అనుకున్నాను. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది: జీ41 బోర్డు 4 జీబీ ముక్కను గుర్తించాలంటే దాని మీద చిన్న చిప్పులు పదహారు, రెండు వైపులా ఎనిమిదేసి ఉండాలి. నాకిచ్చినవి ఒకవైపే చిప్పులున్న కొత్త రకం. మళ్లీ బస్సెక్కి, ముక్కను తిప్పి చూసి, లెక్కపెట్టి మరీ తెచ్చుకున్నాను. అప్పుడు 8 జీబీ కనపడింది. విండోస్ తీసేసి లైనక్స్ మింట్, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసుకున్నాను. పాత ఇంటికి సున్నం కొట్టినట్టయింది.

ఆ ఉత్సాహంలో సరికొత్త బ్లెండర్ దించాను. తెరుచుకోనే లేదు. ఇక్కడే నా ఆలోచన తప్పిందని అర్థమైంది. పాత కంప్యూటర్‌కు రోగం నిదానమే అనుకున్నాను. నిదానానికి మందు ఉంది, డబ్బు పెడితే దొరుకుతుంది, లేదంటే ఓపిక పడితే సరిపోతుంది. అసలు చిక్కు, ప్రోగ్రామ్ అడిగే ఆజ్ఞ ఆ చిప్పులో పుట్టుకతోనే లేకపోవడం. 2019లో వచ్చిన బ్లెండర్ 2.80 నుంచి ఓపెన్‌జీఎల్ (త్రీడీ బొమ్మ గీయమని గ్రాఫిక్స్ చిప్పుకు చెప్పే పద్ధతి) 3.3 ఉండాలి. నా బోర్డులోని గ్రాఫిక్స్ 2.1 దగ్గరే ఆగిపోయింది. పాత గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేసుకోమన్నాడు స్నేహితుడు. వేసుకుంటే ఆ గడప దాటవచ్చు. కానీ బ్లెండర్ 4.2 నుంచి ప్రాసెసర్‌లోనే ఎస్‌ఎస్‌ఈ 4.2 ఆజ్ఞలు ఉండాలి. నా ఈ7500లో 4.1 వరకే ఉన్నాయి. దానికి ఏ కార్డూ పనికిరాదు.

గ్రాఫిక్స్ పనిని కూడా ప్రాసెసర్ చేతే చేయించి బ్లెండర్ 3.6ను తెరిచి చూశాను. తెరుచుకుంది, నిజమే. మౌస్ కదిపితే నేను కాఫీ తాగి వచ్చేసరికి గోపురం కదిలేది.

చివరికి 2018 నాటి 2.79బీ దగ్గర స్థిరపడ్డాను. ఓపెన్‌జీఎల్ 2.1తో నడిచే చివరి వరుస అదే. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, మూట విప్పి నడిపించడమే. గోపురం మీది ఏడు కలశాల్లో ఒక్కటే చేశాను: సగం గీత గీసి చుట్టూ తిప్పితే కుండ ఆకారం వచ్చేస్తుంది, కుమ్మరి సారె మీద వచ్చినట్టే. మిగతా ఆరింటినీ ఆల్ట్, డీ నొక్కి నకళ్లు తీశాను. మామూలు నకలులా కాకుండా అన్నీ ఒకే రూపాన్ని పంచుకుంటాయి కాబట్టి మెమరీ మిగులుతుంది.

తెలుగు దగ్గర మళ్లీ తంటా. బ్లెండర్‌లో "శ్రీ" అని కొడితే శ, పొల్లు, ర, గుడి దీర్ఘం విడివిడిగా నిలబడ్డాయి. అక్షరాలను కలిపి వత్తులు కట్టే పని దానికి రాదు, దానికంటే కొత్తదైన 3.6 అయినా ఇంతే. అందుకని గీతల బొమ్మలు గీసే ప్రోగ్రామ్ ఇంక్‌స్కేప్‌లో రామభద్ర ఫాంటుతో పేరు రాసి, అక్షరాలను గీతలుగా మార్చి, యూనియన్ చేసి (అంటే అన్నిటినీ ఒకే ఆకారంగా కలిపి), ఎస్‌వీజీగా బ్లెండర్‌లోకి తెచ్చాను. యూనియన్ మరిచిపోతే వత్తు అక్షరం మీదికి ఎక్కినచోట చిల్లు పడుతుంది. మొదట తెరపై ఏమీ కనపడలేదు. జూమ్ చేస్తే చీమంత పేరు ఉంది, పెద్దది చేసుకోవాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి యూనికోడ్ కాని అను ఫాంట్లకూ, వాటి యాపిల్ కీబోర్డు అమరికకూ అలవాటైన నా వేళ్లు యూనికోడ్‌లో ఆ నాలుగు మాటలు కొట్టడానికి పడిన అవస్థ వేరే కథ.

ముప్పై సెకన్ల వీడియో, సెకనుకు 25 బొమ్మలు, మొత్తం 750. ఒక్కో బొమ్మకు 40 సెకన్లు. అంటే ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. నేరుగా వీడియోగా కాకుండా విడి పీఎన్‌జీ బొమ్మలుగా తీయమన్నాను, ఓవర్‌రైట్ టిక్కు తీసేశాను, అంటే అప్పటికే తీసిన బొమ్మలను మళ్లీ తీయదు. బ్లెండర్ కిటికీ తెరవకుండా కమాండ్‌తో నడిపి పడుకున్నాను. అర్ధరాత్రి కరెంటు పోయింది. తెల్లారి చూస్తే 412 దగ్గర ఆగి ఉంది. ఆ చివరి బొమ్మ సగమే రాసుకుంది కాబట్టి దాన్ని చెరిపేసి మళ్లీ మొదలుపెడితే సరిగ్గా అక్కడి నుంచే అందుకుంది. నేరుగా వీడియో తీసి ఉంటే రాత్రంతా గంగపాలే.

సాయంత్రానికి బొమ్మలన్నీ కలిపి ఎంపీ4 చేసి పంపాను. అక్క మూడుసార్లు చూసిందట. మేనకోడలు కలశాలు లెక్కపెట్టి, ఏడూ ఉన్నాయని ఒప్పుకుని, "మామయ్యా, గోపురం తిరిగేది ఇంకో పది సెకన్లు ఉంటే బాగుంటుంది" అంది.

ఇంకో 250 బొమ్మలు. సుమారు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు. కరెంటు ఉంటే.