ఎదురింటాయన స్పానర్ పట్టలేదు

"తంబీ, సావియ ఎడు" అన్న మాట వినబడేసరికి నేను డ్రైవరు సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పబోతున్నాను. నలభై ఆరేళ్ళ మనిషిని, అంబత్తూరు ఎస్టేటులోని ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో పదిమంది చేత సార్ అనిపించుకుంటున్నవాణ్ణి, లుంగీ నిండా గ్రీజు మరకలతో, కన్నకొడుకు చూస్తుండగా, ఎదురింటి పెద్దాయన నువ్వు అని సంబోధించి తాళంచెవి బయటికి తీయమన్నారు. తంబీ అన్న పిలుపులో ఎంత ఆప్యాయత ఉంటుందో పదకొండేళ్ళ మద్రాసు కాపురంలో నాకు తెలియనిది కాదు. ఆ పూట మాత్రం ఆ "ఎడు" ఒక్కటే చెవిలో గుచ్చుకుంది.

అది ధనుర్మాసంలో ఒక ఆదివారం. సంక్రాంతికి మా ఊరు వెళ్ళాలంటే మేముండే విల్లివాక్కం నుంచి తెనాలి దాకా 400 కిలోమీటర్ల పైచిలుకు దారి. నాది 2009 నాటి శాంత్రో జింగ్. 1998 నుంచి శాంత్రోలు తయారైంది మాకు పట్టుమని 40 కిలోమీటర్లు కూడా లేని ఇరుంగాట్టుకోట్టైలోనే. ఇక్కడ పుట్టి, గుంటూరులో ఏపీ 07 నంబరు వేయించుకుని, నాతో పాటు మళ్ళీ ఇక్కడికే చేరిన ఆ బండిని చూసినప్పుడల్లా మా ఇద్దరిలో పరాయివాణ్ణి నేనొక్కణ్ణే అనిపిస్తుంది. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే నంబరు మార్పించుకోవాలన్నది చట్టం కనుక దానికి తమిళనాడు నంబరు కూడా ఎప్పుడో వచ్చింది. నాకింకా రాలేదు.

రెండేళ్ళ కిందట ఒక వర్క్‌షాపువారు టైమింగ్ బెల్టు మార్చామని బిల్లు వేశారు. ఇంజన్లో కింద పిస్టన్లతో పాటు తిరిగే క్రాంకును, పైన వాల్వులను తెరిచే క్యామును ఒకే లయలో తిప్పే పళ్ళ పట్టీ అది. ఎందుకో అనుమానం వచ్చి మొన్న డిసెంబరులో పై కవరు విప్పి చూస్తే, బెల్టు వీపు మీది అచ్చు అక్షరాలు పూర్తిగా చెరిగిపోయి ఉన్నాయి. వేళ్ళతో కొంచెం వంచితే పళ్ళ మొదట్లో వెంట్రుకంత సన్నటి పగుళ్ళు కనబడ్డాయి. వారానికొకసారి బయటికి తీసే బండిలో రెండేళ్ళ బెల్టు అలా ఉండదు. ఇంకెవరినీ నమ్మబుద్ధి కాక, జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్ళి బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగు, క్రాంకు ఆయిల్ సీలు కొనుక్కొచ్చాను. నాన్న బతికి ఉన్నన్నాళ్ళూ పొలంలో ఆయిలింజన్ను తానే విప్పి తానే బిగించుకునేవారు కనుక, ఆ చెయ్యి నాకూ కొంత వచ్చి ఉంటుందని నా ధీమా.

విప్పడం వరకు ఆ ధీమా నిలిచింది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, ముందు కుడి చక్రం ఊడదీసి, ఇంజను కింద చెక్కముక్క పెట్టి జాకీ ఆనించి, ఆ పక్కన ఇంజన్ను బండికి పట్టి ఉంచే మౌంటింగు విప్పాను. క్రాంకు పుల్లీ బోల్టు మాత్రం గంటసేపు ఏడిపించింది. చివరికి బండిని ఐదో గేరులో ఉంచి, మా అబ్బాయి బ్రేకు తొక్కి పట్టుకోగా, స్పానర్ పిడికి ఇనుప గొట్టం తొడిగి ఒంటి బరువంతా వేస్తే టక్కున వదిలింది. తర్వాత కింద క్రాంకు మార్కు, పైన క్యాము మార్కు వాటి గుర్తులకు ఎదురుగా తెచ్చి, పాత బెల్టు తీసి కొత్తది ఎక్కించి, టెన్షనర్ స్ప్రింగును వదిలి బోల్టులు బిగించాను. మార్కులు రెండూ కలిసే ఉన్నాయి. కనీసం నేను నిలబడ్డ చోటు నుంచి అలాగే కనిపించాయి. మౌంటింగు, పుల్లీ బిగించి, బ్యాటరీ తగిలించి, పై కవరు మూయకముందే ఒక్కసారి స్టార్ట్ చేసి విందామని సీట్లోకి వెళ్ళాను. అప్పుడే ఆ మాట.

ఆయన పెరంబూరు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారని తర్వాత తెలిసింది. 1955 నుంచి నడుస్తున్న ఫ్యాక్టరీ కనుక మా చుట్టుపక్కల వీధికొక ఫిట్టరో వెల్డరో తగులుతూనే ఉంటారు. పొద్దుటి నుంచి ఆయన వాకిట్లో పేపరు చదువుతున్నారనే అనుకున్నాను కాని, చదివింది నన్నేనని నాకు తట్టలేదు. "కైయాల రెండు సుత్తు సుత్తు" అన్నారు, చేత్తో రెండు చుట్లు తిప్పమని. క్రాంకు రెండు చుట్లు తిరిగితే గాని క్యాము ఒక చుట్టు తిరగదు. పై చక్రానికి కింది చక్రం కన్నా రెట్టింపు పళ్ళు ఉండేది అందుకే. కాబట్టి పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి, గడియారం ముల్లు తిరిగే దిక్కున సరిగ్గా రెండు చుట్లు తిప్పితే రెండు మార్కులూ మళ్ళీ మొదటి చోటికి రావాలి. బెల్టు తప్పుగా పడి, లోపల పిస్టను వాల్వుకు తగిలేటట్టుంటే చేతికి అడ్డం తెలుస్తుంది, అక్కడ ఆగిపోవచ్చు. స్టార్టర్ మోటారుకు ఆ స్పర్శ ఉండదు, వాల్వు వంగాకే మనకు కబురు అందుతుంది. ఇదంతా నేను చదవనిది కాదు. ఆకలి మీద, త్వరగా ముగించాలన్న ఆత్రం మీద వదిలేసిన మెట్టు అది.

ప్లగ్గులు తీసి రెండు చుట్లు తిప్పాను. ఏదీ అడ్డం తగలలేదు. మార్కులు కలిశాయని గర్వంగా చెప్పాను. ఆయన లేవకుండానే "కణ్ణుక్కు నేరా పారు" అన్నారు, కంటికి తిన్నగా చూడమని. మోకాళ్ళ మీద కూర్చుని, క్యాము చక్రం ఎత్తుకు కన్ను దించి చూస్తే, పై నుంచి కలిసినట్టు కనిపించిన మార్కు పక్కకు జరిగి ఉంది. సరిగ్గా ఒక పన్ను తేడా. తమిళంలో కూడా పన్నును పల్ అనే అంటారు కనుక, ఆయన ఒక వేలు ఎత్తి "ఒరు పల్లు" అన్నప్పుడు నాకు అనువాదం అక్కర్లేకపోయింది. బెల్టు ఎక్కించేటప్పుడు టెన్షనర్ లేని వైపు, అంటే క్రాంకు లాగే వైపు, బిర్రుగా ఉండి, వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. నేను లాగే వైపు కొంత వదులు ఉంచేశాను. టెన్షనర్ ఆ వదులును మింగేసరికి క్యాము కొద్దిగా తిరిగి, పన్ను జరిగిపోయింది.

ఒక పన్నుకేమవుతుంది అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కింది చక్రానికి 20 పళ్ళు ఉన్నాయనుకుంటే ఒక పన్ను అంటే క్రాంకు మీద 18 డిగ్రీలు. చాలా ఇంజన్లు అంత తేడాకు విరిగిపోవు. పికప్ తగ్గి, పెట్రోలు ఎక్కువ తాగి, ఐడిలింగులో వణుకుతూ నడుస్తాయి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. ఆ బండిలో వాల్వులు 12. అన్నీ ప్రతిసారీ తప్పిన వేళకే తెరుచుకుంటూ నెల్లూరు, ఒంగోలు దాటుకుని ఊరు చేరతాయి.

ఇంతవరకు ఆయన చేసింది ఉపకారమే, ఒప్పుకుంటాను. నన్ను ఇప్పటికీ తొలుస్తున్నది ఆ తర్వాతి రెండు గంటలు. మౌంటింగు మళ్ళీ విప్పాలి, పుల్లీ మళ్ళీ తీయాలి. ఆయన మా బకెట్టును బోర్లించుకుని కూర్చున్నారు. చేతులు తొడల మీద పెట్టుకున్నారు. ఒక్క స్పానర్ అందుకోలేదు. బోల్టు ఎక్కడికో దొర్లితే వేలితో చూపించారు గాని వంగి తీయలేదు. మా ఆవిడ కాఫీ తెస్తే "ముదల్ల వేలయ ముడి" అని, ముందు పని ముగించమని, నాతో చెప్పి గ్లాసు వెనక్కి పంపించేశారు. అంతా ముగిసి, చుట్లు తిప్పి, కన్ను దించి చూసి, తాళంచెవి తిప్పి, ఇంజను పలికాక తల ఊపి వెళ్ళిపోయారు. చల్లారిన ఆ కాఫీ నేను తాగాను.

మా ఊళ్ళో ఇలా జరగదు. వీధిలో బానెట్టు లేస్తే ఐదుగురు చేరతారు, చేరినవాడు ముందు చేతిలోని స్పానర్ లాక్కుంటాడు. మా బాబాయి అయితే "నువ్వు లేవరా, నీకేం తెలుసు" అని తానే బండి కిందికి దూరి ఉండేవాడు. పని ఎవరు చేశారో, చివరి బోల్టు ఎవరు బిగించారో ఎవరికీ గుర్తుండదు, అందరూ కలిసి టీ తాగుతారు. అదీ మనిషికి మనిషి సాయమంటే అని ఆ రాత్రి మా ఆవిడతో చాలాసేపు వాదించాను. అయితే మార్కు విషయంలో అదే బాబాయి "ఒక పన్నుకేం పోతుందిరా, కొట్టు స్టార్ట్" అని ఉండేవాడన్నది కూడా నాకు తెలుసు. ఆ సంగతి మాత్రం వాదనలోకి రానివ్వలేదు. ఆయన చెయ్యి వేసి ఉంటే మళ్ళీ బెల్టు మార్చే రోజున ఆయన తలుపే తట్టేవారు కదా అంది మా ఆవిడ. చెయ్యి వేస్తే రేపు ఏం జరిగినా నింద తన మీదికి వస్తుందని దూరంగా ఉండి ఉంటాడని, మర్నాడు పట్టరవాక్కంలో రైలు దిగుతూ మా ఆఫీసు తమిళ మిత్రుడొకరు అన్నారు. రెండూ నాకు పూర్తిగా రుచించలేదు. కాఫీ సంగతి రెండింటిలోనూ తేలడం లేదు.

పండగకు వెళ్ళి వచ్చి, అమ్మ కట్టించిన అరిసెల్లో కొన్ని పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అరిసెలు తీసుకున్నారు. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగితే 800 దాటిందన్నాను. బెల్టు మార్చిన తేదీ, అప్పటి మీటరు అంకె కవరు మీద రాసి పెట్టావా అని అడిగారు. రాయలేదు. లోపలికి వెళ్ళి తెల్ల పెయింటు పెన్ను తెచ్చారు. ఈసారైనా చెయ్యి పడుతుందనుకుని బానెట్టు ఎత్తి పక్కకు జరిగాను. ఆయన పెన్ను నా చేతిలో పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను వంగి రాశాను. కొంచెంసేపు తల వాల్చి చూసి, "వంకరగా ఉంది తంబీ, తుడిచేసి నేరా ఎళుదు" అన్నారు.