మనవడి మూలపురుషుడు

ఏప్రిల్‌లో బోస్టన్ వెళ్లినప్పుడు మనవడు స్కూలుకి వంశవృక్షం గీస్తూ కూర్చున్నాడు. మా వైపు ముత్తాత పేరు చెప్పి ఆగిపోయాను. అల్లుడి వైపు మాత్రం 1620 దాకా, ఇంగ్లండ్ నుంచి అమెరికాకి వలసవాళ్లని తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన జాన్ హౌలాండ్ దాకా వెళ్లింది.

ఈయనేమీ జమీందారు కాదు, అదే ఓడలో వచ్చిన జాన్ కార్వర్ దగ్గర పనివాడు. తుఫానులో సముద్రంలో పడిపోయి, నీళ్లలో ఈడ్చుకుపోతున్న తెరచాప తాడు పట్టుకుని బతికాడట. ఆ తాడు జారుంటే వీడేడీ!

తర్వాత ఆ ఓడవాళ్లు కట్టుకున్న ప్లిమత్ కాలనీ సభలో ప్రతినిధిగా చాలాసార్లు కూర్చున్నాడు. కెన్నెబెక్ నది దగ్గర వ్యాపార కేంద్రం చూసుకున్నాడు. 1634లో అక్కడ పోటీకొచ్చిన ఇంకో ఇంగ్లిష్ వ్యాపారితో గొడవై ఇరువైపులా ఒక్కొక్కరు చనిపోయారు. ఆ కథ అల్లుడు కాస్త తొందరగా దాటేశాడు.

నన్ను ఆపేసింది మాత్రం ఆయన భార్య ఎలిజబెత్. అమ్మానాన్నల్ని మొదటి చలికాలంలోనే పోగొట్టుకున్న పిల్ల, తర్వాత పదిమందిని కని పెంచింది. 1686 నాటి ఆమె వీలునామాలో దుప్పట్లు, దిండు గలీబులు, పుస్తకాలు ఎవరికేవో రాయించింది. అచ్చం మా అమ్మమ్మే. ఆవిడ కూడా పోయేముందు ఇత్తడి బిందెలు లెక్కపెట్టి మరీ పంచింది.