బడ్డీ వంకర పరుగు

పొద్దున పదింటికి నరసరావుపేట నుంచి ఫోన్. అక్కడ అప్పటికి నాలుగున్నర, నాన్న లేచే టైమే అది. ముందు రోజు రాత్రి నేను వాట్సాప్‌లో ఒక వీడియో పంపించి పడుకున్నాను, అది చూసి చేశారు.

"ఏరా, అంతమంది గ్రౌండ్‌లోకి దూకితే లాఠీచార్జి చెయ్యలేదా?"

"లేదు నాన్నా. మామూలు రోజైతే ఫైన్ వేస్తారు, నిన్న వదిలేశారు."

"ఇంతకీ ఏం గెలిచారు?"

"ఏం గెలవలేదు, మ్యాచ్ ఇంకా అవ్వలేదప్పటికి. ఒకతను వెయ్యో గోల్ కొట్టాడు."

"సచిన్ వందో సెంచరీ లాంటిదా?"

అలాంటిదే అన్నాను. కాకపోతే సచిన్ కంటే ముందు వంద కొట్టినవాడు ఎవడూ లేడు, ఇతని కంటే ముందు వెయ్యి దాటినవాళ్ళు ఐదుగురు ఉన్నారు. నూట పాతికేళ్ళ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఐదుగురు, ఆ ఆటనే ఇక్కడ ఫుటీ అంటారు. ఆరోవాడు లాన్స్ ఫ్రాంక్లిన్, అందరూ బడ్డీ అంటారు. ఈ పోస్టు అతని గురించే. సిడ్నీలో మా తెలుగువాళ్ళలో ఫుటీ చూసేవాళ్ళు తక్కువ, నేను ఈ ఆట గురించి మాట్లాడితే వెంట్‌వర్త్‌విల్ ఫ్రెండ్స్ బిర్యానీ ప్లేటు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతారు, అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. క్రికెట్ గ్రౌండంత గ్రౌండు, కోడిగుడ్డు ఆకారంలో బంతి, జట్టుకి పద్దెనిమిది మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. మధ్య రెంటి నడుమ తన్ని పంపిస్తే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, ఒక్క పాయింటు. తన్నిన బంతిని గాల్లో ఉండగానే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. అప్పుడు ఎవడూ మీద పడకుండా తాపీగా వెనక్కి నడిచి, ఊపిరి పీల్చుకుని, తన్నుకోవచ్చు. ఆఫ్‌సైడ్ లేదు, ముందుకి పాస్ చేస్తే తప్పు లేదు. ఇంక మిగతాదంతా చూస్తే వచ్చేస్తుంది, నాకు అలాగే వచ్చింది.

నేను సిడ్నీకి వచ్చింది 2014లో. అదే ఏడాది బడ్డీ కూడా వచ్చాడు. నేను 457 వర్క్ వీసా మీద, అతను 9 ఏళ్ళకి కోటి డాలర్ల కాంట్రాక్టు మీద. ఆఫీసులో వారం వారం ఏ టీమ్ గెలుస్తుందో చెప్పే టిప్పింగ్ పోటీ పెట్టేవాళ్ళు, పది డాలర్లు కట్టి నేనూ చేరాను. ఏమీ తెలియదు కాబట్టి ప్రతి వారం సిడ్నీ స్వాన్స్‌కే టిక్కు పెట్టేవాణ్ణి, ఆ ఏడు వాళ్ళు గెలుస్తూ పోయారు, నేను టేబుల్లో పైకెళ్ళిపోయాను, నాకేదో తెలుసని మా మేనేజర్ అనుకున్నాడు. ఆ ఏడు లీగ్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినందుకు ఇచ్చే కోల్‌మన్ మెడల్ బడ్డీకే. తీరా గ్రాండ్ ఫైనల్లో ఎవరితో పడింది? అంతకు ముందు ఏడాది దాకా అతను ఆడిన హాథోర్న్‌తోనే. 63 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడిపోయారు. స్వాన్స్ తరఫున బడ్డీ ఒక్కడే 4 గోల్స్ కొట్టాడు. అటు చూస్తే పాత దోస్తులు కప్పు పట్టుకుని గెంతుతున్నారు, ఇటు ఇతను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు నుంచి నేను స్వాన్స్ మనిషిని. గెలుస్తున్నప్పుడు ఎవడైనా చేరతాడు లెండి.

ఆ తర్వాత కూర్చుని వెనకటి వీడియోలన్నీ చూశాను. పెర్త్‌కి ఈశాన్యంగా గోధుమ పొలాల మధ్య డవెరిన్ అనే చిన్న ఊరు, అక్కడ పెరిగాడు. తల్లి వైపు నూంగార్ ఆదివాసీ కుటుంబం, ఇంట్లో నలుగురు అక్కచెల్లెళ్ళ మధ్య ఒక్కడే మగపిల్లాడు. 2004 డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్ళని క్లబ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట, ఐదో నంబరుగా హాథోర్న్ తీసుకుంది. అంటే నాలుగుసార్లు వేరేవాళ్ళ పేర్లు పిలిచాక ఇతని పేరు వచ్చింది. నాలుగో పిలుపు రిచ్‌మండ్‌ది, ఆ క్లబ్ అభిమానులు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే మొహం తిప్పుకుంటారు.

2008లో, ఇరవై ఒక్కేళ్ళకి, ఒక్క సీజన్లో 113 గోల్స్. వందో గోల్ పడగానే మెల్‌బోర్న్‌లో జనం గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చారు. ఇదొక సంప్రదాయం ఇక్కడ, సీజన్లో వంద కొడితే జనం దూకుతారు. 1990ల్లో టోనీ లాకెట్, జేసన్ డన్‌స్టల్ లాంటివాళ్ళు ఈ వందని దాదాపు ఏటా చూపించేవాళ్ళు. 2008 తర్వాత ఇంతవరకూ ఒక్కడు కొట్టలేదు. ఎందుకంటే కోచ్‌లు తెలివిమీరారు. పాతకాలంలో ఫార్వర్డ్‌కి ఒక డిఫెండర్, ఇద్దరే కలబడేవాళ్ళు. ఇప్పుడు బంతి అటు వస్తుందనగానే పది మంది వెనక్కి వచ్చి గోల్ ముందు గుమిగూడతారు, పెళ్ళి భోజనాల దగ్గర బంతి పట్టినట్టు. ఆ గుంపులో కూడా బడ్డీ చాలా ఏళ్ళు అరవై నుంచి ఎనభై దాకా కొట్టుకుంటూ వచ్చాడు. 2012లో టాస్మానియాలో నార్త్ మెల్‌బోర్న్ మీద ఒక్క మ్యాచ్‌లో 13.

సరే, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది ఆ వంకర పరుగు గురించి.

మార్క్ పట్టాక తన్నడానికి కోచ్‌లు పిల్లలకి నేర్పేది ఒకటే: గోల్‌కి ఎదురుగా నిలబడు, నిటారుగా పరిగెత్తు, నిటారుగా తన్ను. బడ్డీది ఎడమకాలు. వెనక్కి నడుస్తాడు, సాక్సు పైకి లాక్కోడం లాంటి హడావిడి ఏమీ ఉండదు, బంతిని చేతుల్లో ఒకసారి తిప్పుకుంటాడు. నాలుగడుగులు మామూలుగా వేస్తాడు. అక్కణ్ణుంచి దారి ఎడమవైపుకి ఒంగుతుంది, రోడ్డు మలుపులో బస్సు ఒరిగినట్టు ఆరున్నర అడుగుల మనిషి ఒరుగుతాడు, తుంటి తెరుచుకుంటుంది, కాలు ఒంటికి అడ్డంగా తిరిగొస్తుంది. బంతి మొదట తప్పు దిక్కుకి పోతున్నట్టే ఉంటుంది. గాల్లో మనసు మార్చుకుంటుంది. యాభై, అరవై మీటర్ల నుంచి. అసలు రూలు ప్రకారం తన్నేవాడు తన గీత వదిలి పక్కకి జరిగితే అంపైర్ "ప్లే ఆన్" అని అరవాలి, అంటే మీద పడొచ్చు అని. బడ్డీ విషయంలో అది అతని సహజమైన పరుగు అని చూసీచూడనట్టు పోయేవాళ్ళు, ఎదుటి టీమ్ అభిమానులకి ఒళ్ళు మండేది.

నాకు ఇది చూస్తే లక్ష్మణ్ గుర్తొస్తాడు. ఊరికే అనట్లేదు, గ్రౌండ్ కూడా అదే. స్వాన్స్ ఆడేది సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లోనే, మన వీవీఎస్ అక్కడ మూడు టెస్ట్ సెంచరీలు కొట్టాడు, 2000లో 167, 2004లో 178, 2008లో 109. ఆఫ్‌స్టంప్ బయట పడ్డ బంతిని మిడ్‌వికెట్‌కి తిప్పొద్దని ఏ కోచ్ అయినా చెబుతాడు. లక్ష్మణ్ మణికట్టు వినదు. బడ్డీ తుంటి కూడా వినేది కాదు. ఇంకోడు చేస్తే తప్పయ్యేది, వీళ్ళు చేస్తే అందంగా ఉండేది, ఎందుకలా అంటే నా దగ్గర సమాధానం లేదు, చూస్తూ కూర్చోడమే.

2010లో ఎస్సెండన్ మీద కొట్టిన గోల్ ఒకటుంది, ఆ ఏడాది ఉత్తమ గోల్ అదే. బౌండరీ గీత పక్కనే పరుగు. ఈ ఆటలో బంతి పట్టుకుని ఊరికే పరిగెత్తనివ్వరు, పదిహేను మీటర్లకోసారి నేలకి కొట్టి పట్టుకోవాలి, కోడిగుడ్డు బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. వెనకాల కేల్ హుకర్ వెంటపడుతున్నాడు, పాపం అతనూ మంచి ఆటగాడే, కానీ దూరం తగ్గడం లేదు, పెరుగుతోంది. ఫార్వర్డ్‌లంటే గోల్ దగ్గర స్తంభంలా నిలబడేవాళ్ళు, అంత ఎత్తు మనిషి అలా పరిగెత్తకూడదసలు.

ఇప్పుడు డబ్బు సంగతి. 2013లో హాథోర్న్‌తో రెండో కప్పు గెలిచి (మొదటిది 2008లో), వెంటనే క్లబ్ మారాడు. అందరూ సిడ్నీలోనే ఉన్న కొత్త క్లబ్ జెయింట్స్‌కి వెళ్తాడనుకున్నారు. స్వాన్స్ ఎక్కణ్ణుంచో వచ్చి ఎగరేసుకుపోయారు. 26 ఏళ్ళవాడికి 9 ఏళ్ళ కాంట్రాక్టా, చివరి మూడేళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి జీతం ఇస్తారా అని పేపర్లన్నీ నవ్వాయి. లీగ్ వాళ్ళకైతే ఎంత కోపం వచ్చిందంటే, మరుసటి ఏడాది స్వాన్స్ కొత్త ఆటగాళ్ళని కొనకుండా నిషేధం కూడా పెట్టారు. దానికి చెప్పిన కారణం సిడ్నీ ఖర్చుల కోసం ఇచ్చే అదనపు అలవెన్సు, కానీ అసలు మంట ఎక్కడిదో అందరికీ తెలుసు.

ఫలితం? స్వాన్స్ అతనితో మూడు గ్రాండ్ ఫైనల్స్‌కి వెళ్ళారు, 2014, 2016, 2022. మూడూ ఓడారు. 2016లో మొదటి క్వార్టర్‌లోనే అతని చీలమండ మెలిక పడింది. 2022లో జిలాంగ్ చేతిలో 81 పాయింట్ల తేడా, బడ్డీకి ఒక్క గోల్ లేదు, ఆ రోజు టీవీ కట్టేసి వంటింట్లో గిన్నెలు కడిగాను, మా ఆవిడ ఆశ్చర్యపోయింది. అటు హాథోర్న్ ఇతను వెళ్ళాక 2014, 2015 వరసగా కప్పులు కొట్టింది. ఈ లెక్క చూపించి డబ్బు బూడిదలో పోసిన పన్నీరు అంటారు మా ఆఫీసులో రగ్బీ బ్యాచ్.

నేను ఒప్పుకోను. సిడ్నీ ఫుటీ ఊరు కాదు, రగ్బీ ఊరు. స్వాన్స్ అసలు మెల్‌బోర్న్ క్లబ్, 1982లో ఇక్కడికి తరలొచ్చింది. ఈ ఊళ్ళో మనిషిని టికెట్టు కొనిపించి శనివారం గ్రౌండ్‌కి రప్పించాలంటే ఎవడో ఒకడు ఉండాలి, కప్పు ఒక్కటే చాలదు. నేను వెళ్ళింది అతని కోసం. నా పక్కన పిల్లలు 23 నంబరు జెర్సీలు వేసుకుని వచ్చింది అతని కోసం. 2017 చివరి రౌండ్‌లో కోల్‌మన్ రేసులో వెనకపడి ఉండి కార్ల్‌టన్ మీద 10 కొట్టి నాలుగోసారి మెడల్ పట్టుకెళ్ళాడు, ఆ రోజు స్టాండ్స్‌లో ఉన్నవాళ్ళని అడగండి డబ్బులు వసూలయ్యాయో లేదో.

మధ్యలో కష్టాలూ ఉన్నాయి. 2015లో సరిగ్గా ఫైనల్స్ మొదలయ్యే వారం, మానసిక ఆరోగ్యం బాగోలేదు, ఆడటం లేదని క్లబ్ ప్రకటించింది. అప్పటికి మగ ఆటగాళ్ళు ఇలాంటిది బయటికి చెప్పుకోడం అరుదు, మోకాలో తొడ కండరమో అని సర్దేసేవాళ్ళు. అదే సంవత్సరం అతని టీమ్‌మేట్ ఆడమ్ గుడ్స్, అతనూ ఆదివాసీయే, గ్రౌండ్ గ్రౌండ్‌లోనూ జనం వెక్కిరింతలు పడలేక ఆటే వదిలేశాడు. 2023 మేలో మెల్‌బోర్న్‌లో కాలింగ్‌వుడ్ అభిమానులు బడ్డీని కూడా బంతి ముట్టుకున్నప్పుడల్లా వెక్కిరించారు. చివరికి వాళ్ళ కోచే బాధపడాల్సి వచ్చింది. 36 ఏళ్ళ మనిషి, అప్పటికి వెయ్యి దాటేశాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థమైంది కూడా.

ఆ వెయ్యో గోల్ రాత్రికి వస్తే: మార్చి 25, 2022, శుక్రవారం, జిలాంగ్‌తో. ఇంకా నాలుగు కావాలి. ఆఫీసు నుంచి సెంట్రల్ స్టేషన్, అక్కణ్ణుంచి ట్రామ్‌లో మూర్ పార్క్, లాప్‌టాప్ బ్యాగు భుజానే ఉంది. మూడు పడ్డాయి. నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి స్టాండ్స్‌లో జనం సీట్లు వదిలి మెట్ల మీదికి, మెట్ల మీంచి ఫెన్సు దగ్గరికి జరగడం మొదలుపెట్టారు, ఆట ఎవరూ చూడట్లేదు. నా పక్కన ఒక పెద్దాయన, 1999లో ఇదే గ్రౌండ్‌లో లాకెట్ 1300వ గోల్ కొట్టినప్పుడు తను దూకానని, ఇప్పుడు తుంటి ఆపరేషన్ అయ్యిందని చెప్పాడు. చాడ్ వార్నర్ పాస్ ఇచ్చాడు, బడ్డీ గోల్ ఎదురుగా మార్క్ పట్టాడు. దగ్గరే, నిటారుగా తన్నినా పోతుంది. అయినా ఒంగాడు.

బంతి పోస్టుల మధ్య నుంచి పోకముందే ఫెన్సులు దాటేశారు. వేల మంది. అరగంట పైగా ఆట ఆగిపోయింది, సెక్యూరిటీ వాళ్ళు చుట్టూ నిలబడి అతన్ని ఎలాగో బయటికి తీసుకెళ్ళారు. పచ్చగడ్డి కనపడలేదు. నేను దూకలేదు. అప్పటికి నా సిటిజన్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది, పోలీసు రికార్డు, గీకార్డు అని టెన్షన్. ఆ పెద్దాయన నా వైపు తిరిగి, నీ బ్యాగు నేను చూస్తాను వెళ్ళు అన్నాడు. వెళ్ళలేదు. ఫెన్సు పట్టుకుని వీడియో తీశాను. నాన్నకి పంపింది అదే.

2023 జులై 31, సోమవారం, పిక్క గాయం తర్వాత ఆట ముగించినట్టు చెప్పేశాడు. 354 మ్యాచ్‌లు, 1066 గోల్స్. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేశాను. పేరు ఆయనకి ఎప్పుడూ నోరు తిరగలేదు.

"ఆ వంకర పరుగు అబ్బాయా? మానేశాడా?"

"మానేశాడు."

"మరి సిడ్నీకి కప్పు?"

"రాలేదు నాన్నా."

"పదేళ్ళు, అంత డబ్బూ పోసి!" అన్నారు. ఆయన రిటైరైన బ్యాంకు ఆఫీసరు, లెక్క దగ్గర మాట పడనివ్వరు. ఫోన్లో కాసేపు టీవీ శబ్దం వినపడింది. తర్వాత గొంతు తగ్గించి, "పాత వీడియోలు ఇంకేమన్నా ఉంటే పంపించరా, రాత్రి చూసుకుంటా" అన్నారు.